మాపేసిన ఇంటిపేరు వెనుక: మెక్‌గ్రెగర్ వారసుల వెతుకులాట

1603 ఏప్రిల్ 3. ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్ చనిపోయి పది రోజులైంది. ఆ సింహాసనమూ తనకే దక్కడంతో స్కాట్లాండ్ రాజు ఆరవ జేమ్స్ లండన్ ప్రయాణానికి సర్దుకుంటున్నాడు. రెండు రోజుల్లో ఎడింబరో విడిచి వెళతాడు. వెళ్లే ముందు తేల్చాల్సిన లెక్క ఒకటి మిగిలింది. ఆ రోజు ఆయన సలహా సభ అయిన ప్రీవీ కౌన్సిల్ ఒక ఇంటిపేరును రద్దు చేసింది. భూములు లాక్కోవడం, బిరుదులు ఊడబెరకడం ఆ కాలానికి మామూలే. ఇంటిపేరునే నేరం చేయడం మాత్రం అరుదు. మెక్‌గ్రెగర్ అనే పేరు వదులుకుని మరో పేరు పెట్టుకోవాలి, కాదంటే ప్రాణం పోతుంది. ఉత్తరువు సారాంశం ఇంతే.

మధ్యలో కొంతకాలం సడలినా, ఆ నిషేధం శాశ్వతంగా పోయింది 1774లో. అంటే 171 ఏళ్ల కథ. ఈనాడు ఆ కుటుంబపు వారసులను ఒకచోట చేర్చాలని స్కాట్లాండ్‌లో, కెనడాలో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో ప్రయత్నించేవారికి ఎదురయ్యే చిక్కుకు మూలం అక్కడే ఉంది. వంశం నశించలేదు. కాగితాల మీద మాత్రం అది డజను వేరే ఇంటిపేర్లలోకి చెదిరిపోయింది. ఇంటిపేరు పట్టుకుని వెతకడం మొదలుపెట్టినవారు మొదటి అడుగులోనే దారి తప్పుతారు.

అసలు ఈ కుటుంబం ఎక్కడిది? స్కాట్లాండ్ పడమటి కొండల్లో ఆర్గైల్, పెర్త్‌షైర్ సరిహద్దున గ్లెన్‌ఆర్కీ, గ్లెన్‌స్ట్రే లోయలున్నాయి. తొమ్మిదో శతాబ్దపు రాజు కెన్నెత్ మెకాల్పిన్ తమ్ముడి సంతతి తామని మెక్‌గ్రెగర్లు చెప్పుకుంటారు. ‘మాది రాజవంశం’ అన్నదే వారి ముద్ర మీది మాట. రాజవంశం సంగతి పురాణానికి వదిలేస్తే, కాస్త గట్టి నేల మీద నిలిచే మూలపురుషుడు 1390లో చనిపోయిన ఒంటికన్ను ఐయన్, వారి భాషలో ‘ఐయన్ కామ్’. ఆయన తర్వాత కథంతా క్యాంప్‌బెల్ అనే మరో కుటుంబంతో తగువే. రాజు ముద్ర పడిన పట్టాలు క్యాంప్‌బెల్‌ల పెట్టెలో ఉండేవి. ఆ భూమి మీద పశువులు కాసుకుంటూ, కత్తి బలంతో నిలిచింది మెక్‌గ్రెగర్లు. వారసులను వెతికేవారికి దీనివల్ల పెద్ద నష్టమే జరిగింది. స్కాట్లాండ్‌లో భూమి చేతులు మారిన ప్రతిసారీ నమోదు చేసే సేసీన్ రిజిస్టరు 1617 నుంచి ఉంది. ఐరోపాలో అంత నిండైన భూమి దస్తావేజులు ఎక్కువ చోట్ల దొరకవు. కానీ పట్టా లేనివాడి పేరు అందులోకి ఎక్కదు. నిషేధానికి ముందే ఈ కుటుంబంలో చాలామంది కాగితానికి అందకుండా బతికారు.

1603 ఫిబ్రవరి 7న గ్లెన్ ఫ్రూయిన్ లోయలో మెక్‌గ్రెగర్లు కొహూన్ కుటుంబం దళాన్ని చితక్కొట్టారు. 140 మంది దాకా చనిపోయారని చెబుతారు. కొహూన్ దొర రాజాజ్ఞ చేతపట్టుకుని వచ్చినవాడు కాబట్టి అది రాజు మీద తిరుగుబాటు కిందే లెక్క. ఏప్రిల్ ఉత్తరువుకు కారణం అదే. మెక్‌గ్రెగర్ల నాయకుడు అలస్డెయిర్ లొంగిపోయిన తీరు హైలాండ్స్‌లో, అంటే ఆ కొండసీమలో, ఇప్పటికీ చెప్పుకుంటారు. నిన్ను క్షేమంగా ఇంగ్లండ్ నేల మీద దింపుతానని ఆర్గైల్ ప్రభువు మాట ఇచ్చాడట. ఇచ్చిన మాట అక్షరాలా నిలబెట్టుకున్నాడు. సరిహద్దు దాటించి ఇంగ్లండ్ నేల తొక్కించి, అక్కడి నుంచే వెనక్కి తిప్పి ఎడింబరో తీసుకొచ్చాడు. 1604 జనవరి 20న అలస్డెయిర్‌ను ఉరితీశారు.

మిగిలినవారు పేర్లు మార్చుకున్నారు. ఏ పేర్లు? ఇక్కడే అసలు తాడు చిక్కుపడింది. ప్రభుత్వం పూచీకత్తు అడిగింది. ఏ దొర పూచీ ఇస్తే ఆ దొర ఇంటిపేరే చాలామంది పెట్టుకున్నారు. డ్రమ్మండ్ నీడన బతికినవాడు డ్రమ్మండ్, ముర్రే నీడన బతికినవాడు ముర్రే, ఇంకొకచోట స్టువర్ట్, గ్రాంట్, గ్రాహం. కొందరు తమను తరిమిన క్యాంప్‌బెల్‌ల పేరే పెట్టుకున్నారు. ఒకే తల్లి పిల్లలు వేర్వేరు దొరల కింద వేర్వేరు ఇంటిపేర్లతో స్థిరపడే వీలు ఏర్పడింది. 1633 నాటి చట్టం మరో మెట్టు ఎక్కి, మగపిల్లవాడికి గ్రెగర్ అని నామకరణం కూడా చేయకూడదని పాదిరీలను కట్టడి చేసింది. ఇంటిపేరు ఎలాగూ పోయింది, పెట్టుడు పేరు కూడా పోయింది.

ఇంటిపేరు మారడమంటే మనకు దత్తత గుర్తొస్తుంది. దత్తత వెళ్లినవాడి ఇంటిపేరు మారుతుంది గానీ, ఎవరి కొడుకు ఎవరింటికి వెళ్లాడో ఊరందరికీ తెలుసు. పెళ్లిసంబంధాల దగ్గర ఆ పాత పేరు మళ్లీ పైకి వస్తుంది. హైలాండ్స్‌లోనూ మొదట్లో అలాగే జరిగింది. గెయిలిక్ మాట్లాడే ఆ ఊళ్లలో ఇంటిపేరు వాడకం అసలే తక్కువ. ఒక మనిషిని తండ్రి పేరుతో, తాత పేరుతో, నల్లవాడనో ఎర్రవాడనో చిన్నవాడనో ఒక గుర్తుతో పిలిచేవారు. వంశాలను నోటిలెక్కగా చెప్పే షెనహీలు ఉండేవారు. మన దగ్గర పిచ్చుకకుంట్లవాళ్లు రెడ్ల, కాపుల గోత్రాలూ వంశాలూ వల్లించినట్టే అనుకోవచ్చు. (తెలుగు నేల వంశావళులను, కైఫియతులను కావలి బొర్రయ్య సోదరుల సాయంతో పోగుచేయించిన కాలిన్ మెకంజీ పుట్టింది స్కాట్లాండ్‌లోనే, లూయిస్ దీవిలోని స్టోర్నవేలో. వంశం చెప్పుకునే అలవాటు ఆయనకు కొత్త కాదు.) కాబట్టి ఊరిలో ఉన్నంతకాలం ‘కాగితం మీద డ్రమ్మండ్, నోటిమాటకు మెక్‌గ్రెగర్’ అన్న రెండు లెక్కలూ పక్కపక్కనే సాగాయి. ఊరు విడిచి ఓడ ఎక్కినప్పుడు నోటిలెక్క రేవులోనే ఉండిపోయింది. కాగితం మీది పేరు మాత్రమే సముద్రం దాటింది. కెనడాలోని నోవా స్కోషియాలో దిగిన ముర్రే మనవలకు తాము ఎవరో చెప్పడానికి షెనహీ లేడు.

అయితే కాగితాల్లోనే ఒక కిటికీ ఉంది. నిషేధాన్ని 1661లో రెండవ చార్లెస్ ఎత్తేశాడు, 1693లో విలియం మళ్లీ విధించాడు. నడుమ 32 ఏళ్లు ఆ పేరు చట్టబద్ధం. ఇంటిపేరును పక్కనబెట్టి కమతం పేరు పట్టుకుని వెతికితే ఈ కిటికీ విలువ తెలుస్తుంది. ఒకే లోయలో, ఒకే కమతంలో 1650ల్లో ఒక క్యాంప్‌బెల్, 1670ల్లో ఒక మెక్‌గ్రెగర్, 1700లో మళ్లీ ఒక క్యాంప్‌బెల్ కనిపిస్తే, ముగ్గురు కౌలుదార్లు మారారని అనుకోవడం తేలిక. ముగ్గురూ ఒకే ఇంటివారు కావచ్చునన్న అనుమానం రావాలి. ఆ అనుమానాన్ని నిజం చేసే సాక్ష్యం మిగతా దస్తావేజుల్లో దొరకవచ్చు, దొరకకపోవచ్చు.

మెక్‌గ్రెగర్లలో అందరికన్నా పేరుమోసిన రాబ్ రాయ్ ఇందుకు మంచి ఉదాహరణ. అతనికి 1671 మార్చి 7న బుకానన్ పారిష్‌లో (పారిష్ అంటే ఒక చర్చి పరిధిలోని ఊళ్లు) నామకరణం జరిగింది. కిటికీ తెరిచి ఉన్న రోజులు కాబట్టి తండ్రి పేరు మెక్‌గ్రెగర్ అనే నమోదైంది. తల్లి మార్గరెట్ క్యాంప్‌బెల్. 1693లో కిటికీ మూసుకున్నాక రాబ్ రాయ్ తల్లి ఇంటిపేరు తీసుకుని రాబర్ట్ క్యాంప్‌బెల్‌గా సంతకాలు పెట్టాడు. అతని కొడుకు జేమ్స్ డ్రమ్మండ్ అయ్యాడు. ఇంకో కొడుకు రాబిన్ ఓగ్‌ను 1754లో ఉరితీశారు. కోర్టు కాగితాల్లో అతని పేరు మెక్‌గ్రెగర్ ఉరఫ్ క్యాంప్‌బెల్ ఉరఫ్ డ్రమ్మండ్ ఉరఫ్ రాబర్ట్ ఓగ్ అంటూ బారెడు సాగుతుంది. దేశమంతా ఎరిగిన కుటుంబంలోనే రెండు తరాలకు మూడు ఇంటిపేర్లు. పేరులేని పశువుల కాపరి సంగతి చెప్పేదేముంది! ఒక విచిత్రం గమనించాలి. ఈ కుటుంబం పాత పేరూ కొత్త పేరూ ఒకే వాక్యంలో దొరికే చోటు చర్చి రిజిస్టరు కన్నా నేర విచారణ కాగితమే. ‘ఉరఫ్’ అన్న చిన్న మాట వంశ పరిశోధకుడి పాలిట నిధి. వారసుల అదృష్టం కొద్దీ తాతలు పశువుల దొంగలయ్యారు.

ఇంటిపేరు చేతికి అందనప్పుడు పట్టుకోదగ్గ పోగులు ఇంకా ఉన్నాయి. స్కాట్లాండ్‌లో అన్నిటికన్నా గట్టి పోగు ఆడవాళ్లది. అక్కడ పెళ్లయిన స్త్రీ పుట్టింటి పేరు చట్టం దృష్టిలో పోదు. పిల్లల నామకరణ నమోదులో, వీలునామాలో, సమాధి రాయి మీద కూడా ఆమె పుట్టింటి పేరుతోనే కనిపిస్తుంది. తెలుగునాట పాత కాగితాలు తిరగేసినవారికి ఇదెంత వరమో తెలుసు. మన వంశవృక్షాల్లో కోడళ్లు తరచుగా ఒట్టి పెట్టుడు పేర్లుగా, కొన్నిసార్లు అది కూడా లేకుండా మిగిలిపోతారు. స్కాట్లాండ్‌లో భర్త ఇంటిపేరు మూడుసార్లు మారినా భార్య పేరు మారదు. జాన్ డ్రమ్మండ్, జాన్ మెక్‌గ్రెగర్ ఒకరేనా అన్నది వారి భార్యల పేర్లు చూసి తేల్చవచ్చు.

పిల్లల పేర్ల వరస ఇంకో పోగు. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టడం అక్కడి ఆనవాయితీ. తాత పేరు మనవడికి పెట్టే మనకు ఇది వింతేమీ కాదు. అయితే ఆనవాయితీని చట్టంలా చదివితే బోల్తా పడతాం. పుట్టిన బిడ్డ చనిపోతే అదే పేరు తరువాతి బిడ్డకు పెట్టేవారు. దొరను మెప్పించడానికి దొర పేరు పెట్టినవారూ ఉన్నారు.

వీలునామాలు పేరుకు తగ్గంత ఉపయోగపడవు. 1868 దాకా స్కాట్లాండ్‌లో భూమిని వీలునామాతో రాసివ్వడం కుదరదు. భూమి నేరుగా పెద్దకొడుక్కి వెళుతుంది. వీలునామా పంచేది పశువులను, గింజలను, రావలసిన అప్పులను. వాటా అక్కర్లేని పెద్దకొడుకు పేరు అందులో లేకపోవచ్చు. పేరు లేదు గనుక కొడుకు లేడని తీర్మానించి తప్పుదారిన పోయిన వంశవృక్షాలకు లెక్కలేదు. దీనికి విరుగుడు వారసత్వ తీర్పులు. భూమి ఎవరిదో తేల్చడానికి ఊరి పెద్దలు ప్రమాణం చేసి ‘ఇతనే దగ్గరి వారసుడు’ అని చెప్పేవారు. ఆ దస్తావేజు ఒక్కటి దొరికితే రెండు మూడు తరాలు ఒకేసారి తేలుతాయి. కానీ అవి భూమి ఉన్నవారికే. మళ్లీ పట్టాల దగ్గరకే వచ్చాం.

చర్చి రిజిస్టర్ల సంగతికొస్తే, స్కాట్లాండ్‌లో అన్నిటికన్నా పాతది పెర్త్‌షైర్‌లోని ఎర్రోల్ పారిష్‌ది. 1553 నుంచి ఉంది. కొండ పారిష్‌లలో చాలావాటికి రిజిస్టర్లు ఎంతో ఆలస్యంగా మొదలయ్యాయి. ప్రభుత్వమే జనన మరణాలు నమోదు చేయడం 1855 జనవరి 1న ప్రారంభమైంది. ఆ మొదటి ఏడాది అధికారుల ఉత్సాహం చూడముచ్చటగా ఉంటుంది. తల్లిదండ్రుల వయసు, పుట్టిన ఊరు, వారికి అంతకు ముందు పుట్టిన పిల్లలు, అన్నీ రాయించారు. రాసేవారికి చేతులు నొప్పి పుట్టాయో ఏమో, మరుసటి ఏడాదే కొన్ని గడులు తీసేశారు. 1855లో బిడ్డను కన్న ముత్తవ్వ ఎవరికైనా ఉంటే వారి అదృష్టం పండినట్టే.

ఇక జన్యుపరీక్ష. తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే దిగే వై క్రోమోజోమ్ దాదాపు మారకుండా తరతరాలు సాగుతుంది. ఇంటిపేరు లాంటిదే, కాకపోతే ఏ ప్రీవీ కౌన్సిలూ దాన్ని రద్దు చేయలేదు. మెక్‌గ్రెగర్ వారసుల కోసం నడిచిన పరీక్షల్లో ఐయన్ కామ్ సంతతికి ఆపాదించే ఒక గుర్తు తేలింది. దానికి ఎస్ 690 అని పేరు. అది మెక్‌గ్రెగర్ పేరున్న మగవారిలోనే గాక, వేరే ఇంటిపేర్లు మోస్తున్నవారిలోనూ కనిపించింది. ముత్తాతల కాలం నుంచి తమది ఫలానా కుటుంబమని నమ్మినవారికి రక్తం ఇంకో మాట చెప్పింది. దీని రెండో ముఖం అంత ఇంపైనది కాదు. మెక్‌గ్రెగర్ పేరును గర్వంగా మోస్తున్నవారందరిలోనూ ఆ గుర్తు లేదు. ఉండాలని ఆశించడమే పొరపాటు. హైలాండ్ క్లాన్ (ఒక నాయకుడి కింద నడిచే వంశకూటమి) అంటే ఒకే రక్తం అనుకోవడం తరువాతి కాలపు ఊహ. నాయకుడి నేల మీద బతుకుతూ, అతని వెంట నడుస్తూ, అతని పేరు పెట్టుకున్నవారు ప్రతి క్లాన్‌లోనూ ఉన్నారు. నిషేధపు రోజుల్లో ప్రాణానికి తెగించి ఆ పేరును దాచుకున్నవారి సంతతిని, గుర్తు లేదని బయటకు నెట్టడం న్యాయమా? నా దృష్టిలో కాదు. ఎంతమంది వారసులు దొరికారన్న ప్రశ్నకు జవాబు, వారసుడంటే ఎవరని ముందే తేల్చుకున్నదాన్ని బట్టి మారుతుంది.

వై క్రోమోజోమ్ కూతుళ్ల దారిని చూడలేదు. ఈస్టిండియా కంపెనీ కొలువుల్లో భారతదేశం వచ్చిన స్కాట్‌ల సంతతి విషయంలో ఈ లోటు బాగా తెలుస్తుంది. సూరత్‌లో వర్తకం చేసిన అబర్డీన్‌షైర్ యువకుడు థియొడోర్ ఫోర్బ్స్‌కు ఎలైజా కెవార్క్ అనే స్త్రీ వల్ల కేథరిన్ పుట్టింది. ఆ పిల్లను చిన్నతనంలోనే స్కాట్లాండ్ పంపేశారు. ఎలైజా ఆర్మీనియా స్త్రీ అని కుటుంబం చెప్పుకుంటూ వచ్చింది. తల్లి నుంచి మాత్రమే సంక్రమించే జన్యుభాగాన్ని పరీక్షించి, ఆ ఆడసంతతి మూలం భారత ఉపఖండమేనని 2013లో ప్రకటించారు. ఆ తల్లుల వరసలోనే ముందుకు వస్తే యువరాణి డయానా కనిపిస్తుంది. మన హైదరాబాద్ కథ కూడా ఈ కోవలోదే. పూర్వికులు స్కాట్లాండ్ వారని చెప్పుకున్న, నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధి (రెసిడెంటు) జేమ్స్ కిర్క్‌ప్యాట్రిక్‌కూ ఖైరున్నిసాకూ పుట్టిన సాహిబ్ బేగం 1805లో ఇంగ్లండ్ ఓడ ఎక్కింది. మరుసటి ఏడాది లండన్‌లో బాప్తిస్మంతో కేథరిన్ ఆరోరా అయింది. కోఠీలోని జనానాలో వాడిన పేరుతో లండన్ రిజిస్టర్లలో ఆమెను వెతికినవారికి ఏమీ దొరకదు. అమ్మమ్మ షరఫున్నిసాతో ఆమె ఉత్తరాలు కలిపింది దశాబ్దాల తరువాత, 1840ల్లో.

మళ్లీ కొండలకు వద్దాం. 1774లో నిషేధం పోయేనాటికి నాయకుడెవరన్నదే తేలని స్థితి. అంతకు ముందు 1714లో ఒక వర్గం బాల్‌హాల్డీ దొరను నాయకుడిగా ఎన్నుకుంది. అతని ఇంటిపేరు డ్రమ్మండ్. నిషేధం తొలగాక 826 మంది సంతకాలు చేసి తమ నాయకుడిగా ఒప్పుకున్నది లాన్రిక్‌కు చెందిన జాన్ ముర్రేను. బెంగాల్‌లో కంపెనీ కొలువు చేసినవాడాయన. అంటే మెక్‌గ్రెగర్లకు పెద్దదిక్కు కావాలని పోటీపడిన రెండు శాఖల్లో ఏ ఒక్కదానికీ కాగితం మీద మెక్‌గ్రెగర్ పేరు లేదు. ముర్రేల కుటుంబం ఆ పేరు తిరిగి పెట్టుకుంది 1822లో. అదే ఏడాది నాలుగవ జార్జి ఎడింబరో వచ్చినప్పుడు స్కాట్లాండ్ కిరీటానికి కాపలాగా నడిచినవారిలో మెక్‌గ్రెగర్లున్నారు. అయిదారు తరాలుగా డ్రమ్మండ్‌లుగా, గ్రాహంలుగా బతికిన మామూలు జనంలో మాత్రం చాలామంది వెనక్కి రాలేదు. రావలసిన అవసరమూ వారికి తోచి ఉండదు. ఆ పేరుతోనే పెళ్లిళ్లు చేసుకున్నారు, కౌళ్లు రాయించుకున్నారు.

వారిని తరిమిన గ్లెన్‌ఆర్కీ క్యాంప్‌బెల్‌లు ఏమయ్యారు? బ్రెడాల్బేన్ ప్రభువులయ్యారు. 19వ శతాబ్దం చివరి సగంలో వారి చేతిలో 4,30,000 ఎకరాలకు పైగా భూమి ఉంది. వీరి పేరును ఎవరూ నిషేధించలేదు, ఒక్క పట్టా పోలేదు. అయినా 1862లో ప్రభువు పిల్లలు లేకుండా చనిపోయేసరికి వారసుడెవరన్నది కోర్టుకెక్కింది. హక్కు కోరిన గ్లెన్‌ఫాలోక్ శాఖవాడి తాత, ఇంగ్లండ్‌లోని ఒక చిన్న ఊరి కిరాణా వర్తకుడి భార్యతో 1780ల మొదట్లో లేచిపోయాడు. అప్పటికి ఆ భర్త బతికే ఉన్నాడు. కాబట్టి వారు చేసుకున్న పెళ్లి చెల్లదు. 1784లో భర్త చనిపోయాడు. ఆ తర్వాత మళ్లీ పెళ్లి తంతు జరిపినట్టు ఆధారం లేదు. కానీ స్కాట్లాండ్ చట్టంలో పాదిరీ, రిజిస్టరు లేకపోయినా పెళ్లి జరగవచ్చు. ఆలుమగలుగా కాపురం చేసి, నలుగురూ అలాగే ఎరిగి ఉంటే చాలు. ఈ పద్ధతికి చట్టం ముగింపు పలికింది 2006లో. కాపురమే పెళ్లికి రుజువని 1867లో, అప్పట్లో తుది కోర్టు కూడా అయిన లార్డ్స్ సభ తీర్పు ఇవ్వడంతో గ్లెన్‌ఫాలోక్ శాఖ గెలిచింది. ఓడిపోయిన బోర్లాండ్ శాఖకు అదే బిరుదు 1923లో, ముందువారు సంతానం లేకుండా పోవడంతో, దానంతటదే చేరింది. భూములు ఆ శతాబ్దపు తొలి సగంలో కరిగిపోయాయి. పదో ప్రభువు 1995లో చనిపోయాక బిరుదు కూడా ఖాళీగా ఉంది. రద్దయిందని కాదు, హక్కుదారు రుజువు కాలేదంతే.

ఆ ఖాళీని నింపదలిచినవారు తాము ఫలానావారి సంతతి అని చూపితే సరిపోదు. తమకన్నా ముందు వరసలో ఉన్న ప్రతి శాఖా మగసంతతి లేకుండా ముగిసిందని చూపాలి. ఒక మనిషి పుట్టాడని నిరూపించడానికి ఒక్క కాగితం చాలు. రెండు వందల ఏళ్ల కిందట ఓడ ఎక్కి వెళ్లిన ఒక చిన్నకొడుకు ఎక్కడా పెళ్లాడలేదని, పాదిరీ లేకుండా ఏ ఇంట్లోనూ కాపురం పెట్టలేదని, ఇంకో పేరుతో ఏ కొడుకునూ కనలేదని నిరూపించే కాగితం ఏ కచేరీ ఇస్తుంది?